ఆవిడకు నేను చెప్పిన రష్యన్

పదో తరగతితో బడి మానేసిన నాకు రష్యన్ నేర్పింది అమలాపురం గ్రంథాలయం. అట్టలు ఊడిన ఒక పాఠ్యపుస్తకాన్ని పదకొండేళ్ళలో నాలుగుసార్లు ఆసాంతం చదివాను. విభక్తుల పట్టికలన్నీ నోటికి వచ్చు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడం నాకు ఇష్టం. అలా చెప్పుకోబట్టే రాజోలు నుంచి ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది.

తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసిన మనిషి. ఇప్పుడు రష్యాలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటపని ఉందన్నాడట ఏజెంటు. రెండు నెలల్లో అక్కడి సూపర్‌వైజరు ఫోన్లో మాట్లాడి చూస్తాడు. నాలుగు ముక్కలు వస్తేనే పని. రాకపోతే మళ్ళీ కువైట్‌లో ఆ ఇంటికే. అక్కడికి మాత్రం వెళ్ళనని ఒట్టు పెట్టుకుంది.

రోజూ సాయంత్రం గ్రంథాలయం వరండాలో పట్టికలు చెప్పేవాణ్ణి.

"అర్థమైందామ్మా?"

"ఆయ్."

"మరి ఇది?"

"ఆయ్ అండీ."

మర్నాటికి ఒక్క ముక్క మిగిలేది కాదు. మాస్టారు చెబుతుంటే, అర్థం కాకపోయినా ‘ఆయ్’, అంటే అవునండీ, అనడమే మా వైపు మర్యాద. ఆ మర్యాదనే చదువు అనుకుని మూడు వారాలు గడిపాను. ఇంటికి వెళ్ళేసరికి గొంతు పోయేది. అన్నం కూడా సయించేది కాదు.

ఒకరోజు విసుగొచ్చి పుస్తకం మూసేశాను. "కువైట్‌లో అరబ్బీ ఎవరు నేర్పేరమ్మా?"

"ఎవరు నేర్పుతారండీ? మేడమ్‌గారు అరిచేవారు, నేను గిన్నె అందించేదాన్ని. తప్పు గిన్నె అయితే ఇంకా గట్టిగా అరిచేవారు."

"అక్కడా ఆయ్ అనేవారా?"

ఆవిడ నవ్వింది. "అక్కడ ఆయ్ అంటే కూర మాడిపోద్దండి. మళ్ళీ చెప్పమనేదాన్ని."

మర్నాడు ఉల్లిపాయ, ఉప్పు పొట్లం, గరిటె సంచిలో తెమ్మన్నాను. రష్యన్‌లో నేను అడగాలి, ఆవిడ అందించాలి. తెలియకపోతే రష్యన్‌లోనే మళ్ళీ అడగాలి. ఆయ్ అంటే ఆ పూటకి పాఠం లేదు. బస్సులో వస్తూ పోతూ రష్యన్ వంట వీడియోలు వినేది. నెల తిరిగేసరికి నా వాక్యాలకే వంక పెట్టడం మొదలుపెట్టింది.

"అలా అంటే బాగోలేదండి."

"ఎందుకు?"

"ఏమోనండీ. చెవికి నప్పలేదు."

పట్టిక తీసి చూశాను. తప్పు నాదే. సంతోషించాల్సింది, నీరసం వచ్చింది.

ఫోన్ వచ్చిన రోజు ఆవిడ పక్కనే కూర్చున్నాను. సూపర్‌వైజరు మాటలు లాకులు ఎత్తిన కాలువలా వచ్చిపడ్డాయి. పుస్తకంలో ఏ పేజీలోనూ ఆ వేగం లేదు. నాకు ఒక్క మాటా అందలేదు, తల మాత్రం ఊపుతున్నాను. ఆవిడ రెండుసార్లు ఆపి మళ్ళీ చెప్పమంది. మూడోసారి ఏదో బదులిచ్చింది. అటువైపు మనిషి నవ్వాడు.

"సోమవారం కాగితాలు పంపుతామన్నారండి," అంది ఫోన్ పెట్టేసి. కళ్ళు తుడుచుకుంది. "ఉప్పు గురించి నేను చెప్పింది సరిగ్గానే ఉందా మాస్టారూ?"

ఉప్పు మాట వచ్చిందనే నాకు తెలియదు.

"ఆయ్," అన్నాను.