కరిచిందన్న మాట

నాకు కుక్కలంటే భయం. బల్లినో బొద్దింకనో చూసి ఉలిక్కిపడే భయం కాదు. నేను మూడో తరగతి చదువుతున్నప్పుడు మా చిన్న మావయ్యను ఒక కుక్కపిల్ల కరిచింది. మడమ మీద చిన్న గాటు. పసుపు అద్దుకుని చేలోకి వెళ్లిపోయాడు. రెండు నెలలు గడిచాక ఒక పొద్దున్న అమ్మమ్మ మంచినీళ్లు అందిస్తే, ఆ గ్లాసును చూసి గోడకు అతుక్కుపోయాడు. మా ఊరి నుంచి పెద్దాస్పత్రికి వెళ్లాలంటే మూడు కాలవలు దాటాలి. వంతెన వచ్చినప్పుడల్లా ఆయన తల మీద దుప్పటి కప్పారట. మొదటి వంతెన దాకా నేను కూడా బండి వెనక నడిచాను. నీళ్ల చప్పుడు వినగానే దుప్పటి కింద నుంచి వచ్చిన గొంతు మా మావయ్యదంటే నమ్మలేకపోయాను. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు నాకు నలభై ఏడేళ్లు. నరసాపురంలో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా వీధి చివర మూతపడిన బియ్యం మిల్లు ఒకటి ఉంది. నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ, మిల్లు యజమానిని అడిగి, ఆ షెడ్డులో దిక్కులేని కుక్కలను సాకుతున్నారు. దెబ్బలు తగిలినవి, ఎవరో పెంచి వదిలేసినవి, అన్నీ కలిపి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. ఆవిడదీ మా చర్చే. ఆదివారం నా పక్కనే కూర్చుంటారు. అయినా ఆ గేటు ముందు నుంచి నడవాల్సి వస్తుందని నేను పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి బడికి వెళ్లేదాన్ని.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మెట్ల మీద ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"మీరు తెలుగు టీచరు కదండీ, నాకో సాయం చెయ్యాలండి. మా దగ్గరున్న ఒక కుర్ర కుక్కకి మంచి ఇల్లు చూడాలి. వాట్సాప్‌లో పెట్టడానికి నాలుగు ముక్కలు రాసిపెట్టండి. నేను రాస్తే మందుల చీటీలా ఉంటుంది."

"దాని వివరాలు చెప్పండి, రాసేస్తాను."

"చూడకుండా ఎలా రాస్తారండీ? గేటు బయటే నిలబడి చూడండి, లోపలికి రావొద్దులెండి."

నా భయం ఆవిడకు తెలుసని అప్పుడు అర్థమైంది. సిగ్గేసి, సరేనన్నాను.

ఆ సాయంత్రం గేటుకు నాలుగడుగుల దూరంలో నిలబడి దాన్ని చూశాను. ఏడాది వయసు ఉంటుందేమో. గోధుమ రంగు ఒళ్లు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి. ఒక్క క్షణం కుదురుగా ఉంటే ఒట్టు. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తడం, తిరిగి రావడం, ముసలి కుక్కల మీద నుంచి దూకడం, ఖాళీ డబ్బాను పళ్లతో పట్టుకుని విసరడం. మిగతావన్నీ ఎండ పొడలో పడుకుని దాన్ని విసుగ్గా చూస్తున్నాయి. ఇంటికొచ్చి రాశాను: దీనికి జబ్బేమీ లేదు, కాళ్లలో పరుగు మాత్రం ఉంది, ఆ పరుగుకు సరిపడా జాగా ఉన్నవాళ్లు కావాలి అని. రాసినంతసేపూ నా చేతుల మీద రోమాలు నిలబడే ఉన్నాయి.

మూడో రోజుకే భీమవరం నుంచి ఫోన్ వచ్చింది. భార్యాభర్తలు, పెద్ద పెరడున్న ఇల్లు, వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళతామన్నారు. నర్సుగారి సంతోషం ఇంతా అంతా కాదు. గురువారం సాయంత్రం నేను బడి నుంచి వస్తుంటే మా ఇంటి ముందే ఎదురుచూస్తున్నారు.

"మీ మాటల వల్లేనండి. అది వెళ్లిపోయేలోగా ఒక్కసారి లోపలికొచ్చి చూసి వెళ్లండి. కట్టేశాను."

ఆ మాట నమ్మి వెళ్లాను. గేటు దాటి రెండడుగులు వేశానో లేదో, అది నన్ను చూసి ముందుకు దూకింది. మెడకు కట్టిన తాడు జారిపోయింది. ఆ తరువాత నాకు గుర్తున్నది గోధుమ రంగు ఒకటి నా ముఖం దాకా లేవడం, వేడి ఊపిరి, నా కుడి చేతి మీద చురుక్కుమనడం. నేను వెనక్కి పడ్డాను.

"కరిచింది! కరిచేసింది!" అని అరిచాను. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి.

నర్సుగారు దాన్ని లాగి కట్టేసి, నన్ను కుళాయి దగ్గర కూర్చోబెట్టి, సబ్బుతో చేతిని కడుగుతూనే ఉన్నారు. మోచేతి కింద ఎర్రటి గీత. నెత్తురు రాలేదు.

"పన్ను కాదేమోనండి, గోరేమో. దీనికి టీకాలు వేయించాను కూడా."

నేను ఆవిడ మాట వినే స్థితిలో లేను. కుళాయి నీళ్లనే చూస్తున్నాను. నాకు నీళ్లంటే భయం వేస్తోందా అని నన్ను నేను కనిపెట్టుకుంటున్నాను.

మా ఆయన స్కూటర్ మీద ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరుగారు చేతిని తిప్పి చూసి, జబ్బకు ఇంజెక్షన్ చేశారు. ఇంకా మూడుసార్లు వచ్చి వేయించుకోవాలి, చివరిది ఇరవయ్యెనిమిదో రోజున అన్నారు. "కుక్కని పది రోజులు గమనించండి. పది రోజులు బాగుంటే దాని వల్ల మీకు ప్రమాదం లేనట్టే" అన్నారు.

ఆ రాత్రే నర్సుగారికి ఫోన్ చేసి ఆదివారం కుక్కను పంపించవద్దని చెప్పాను.

"భీమవరంలో ఉన్నా గమనించొచ్చు కదండీ. వాళ్లు రోజూ ఫోన్ చేసి చెప్తారు."

"వద్దండి. నా కళ్లతో నేను చూసుకోవాలి. కట్టేసి ఉంచండి. గట్టిగా కట్టండి."

ఆవిడ సరేనన్నారు.

అయినా ఆ భీమవరం దంపతులు ఆదివారం కారులో వచ్చారు. పది రోజులు ఆగమంటే కారణమేమిటని వీధి మొదట్లో అడిగితే, టీచరుగారిని కరిచిందని ఎవరో చెప్పారట. నేరుగా మా ఇంటికే వచ్చారు. ఆ భార్య మెత్తటి మనిషి.

"మీరేనాండీ దాని గురించి రాసింది? చాలా బాగా రాశారు. కరిచింది కూడా మిమ్మల్నేనా?"

గోరో పన్నో తెలియదని చెప్పొచ్చు. తాడు జారి మీదకు ఎగబడిందని చెప్పొచ్చు. నా నోటి నుంచి "అవునండి" అన్న మాట ఒక్కటే వచ్చింది. ఆవిడ భర్త వైపు చూసింది. ఇంట్లో చిన్న మనవరాలుందని ఆయన మెల్లగా అన్నారు. కారు మిల్లు దాకా వెళ్లకుండానే తిరిగిపోయింది.

నేను రోజూ బడికి ముందు ఒకసారి, బడి అయ్యాక ఒకసారి గేటు దగ్గరకు వెళ్లేదాన్ని. దాదాపు నలభై ఏళ్లుగా కుక్కలకు దూరంగా తిరిగిన మనిషిని, ఒక కుక్క నీళ్లు తాగుతుందా లేదా అని కమ్మీలు పట్టుకుని చూడటం మొదలుపెట్టాను. అది తాగితే ఆ పూటకు నాకు అన్నం సహించేది. ఇంట్లో గ్లాసు ఎత్తినప్పుడల్లా గొంతు పట్టేసినట్టుండేది. "పొలమారిందంతే" అనేవారు మా ఆయన.

ఐదో రోజు పొద్దున్న అది లేవలేదు. పొట్టి తాడుకు కట్టిన చోటే, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పెట్టిన అన్నం అలాగే ఉంది. నీళ్ల పళ్లెం అంచు దాకా నిండి ఉంది. బడిలో ఆ రోజు ఏం పాఠం చెప్పానో తెలియదు. సాయంత్రం వెళితే అలాగే ఉంది. చొంగ ఏమైనా కారుతోందా అని చూడబోయి, చూడలేక కళ్లు మూసుకున్నాను.

"నాకు వచ్చేసిందండీ. నాకు తెలుసు" అన్నాను నర్సుగారితో. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

ఆవిడ నన్ను బయట అరుగు మీద కూర్చోబెట్టారు. అంతవరకూ నన్ను ఒక్క మాట అనని మనిషి, అప్పుడు అన్నారు.

"దానికి జ్వరం లేదు, చూశాను. రోజంతా పరిగెత్తే ప్రాణాన్ని ఐదు రోజులుగా రెండు మూరల తాడుకి కట్టి పడేశామండి. ఇంకేం తింటుంది? మీరు కట్టమన్నారు, నేను కట్టాను. తప్పు ఇద్దరిదీ."

"విప్పండి" అన్నాను నేను. "గేటు వేసి విప్పండి. నేను బయటే ఉంటాను."

విప్పినా అది వెంటనే లేవలేదు. ఆవిడ ఖాళీ డబ్బాను కాలితో తన్నారు. అది దొర్లిన చప్పుడుకు నిలబడే చెవి కాస్త లేచింది. లేచి నాలుగడుగులు వేసి, ఆగి, ఒక్కసారిగా పరుగు అందుకుంది. రెండు చుట్లు తిరిగొచ్చి పళ్లెంలో మూతి పెట్టి, ఆ చుట్టూ తడిసిపోయేలా నీళ్లు తాగింది. నేను కమ్మీలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పది రోజులూ గడిచాయి. దానికేమీ కాలేదు, నాకేమీ కాలేదు. కానీ నేను వీధిలో అరిచిన అరుపు వీధిలోనే ఉండిపోయింది. పాలు పోయించుకునే దగ్గర, ఇస్త్రీ బండి దగ్గర దాన్ని "టీచరుగారిని కరిచిన పిచ్చికుక్క" అంటున్నారు. మెసేజ్ మళ్లీ పెడితే ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. ఒక పొద్దున్న మా ఎదురింటాయన నాతో నవ్వుతూనే, "మీరేం బెంగపడకండి మేడమ్. చికెన్‌లో ఏదో కలిపి గోడ మీంచి పడేస్తే ఆ గొడవ వదిలిపోతుంది" అన్నారు. నా కోసమే అన్నట్టు అన్నారాయన.

"అది నన్ను కరవలేదండి" అన్నాను. "గోరు గీరుకుందంతే."

"మొన్న మీరేగా అరిచారు?"

ఆ రోజు నుంచి నా భయం వేరే వైపు మళ్లింది. పొద్దున్నే మిల్లు గోడ వెంట వంగి వంగి వెతికేదాన్ని, ఏదైనా పొట్లం పడి ఉందేమోనని. అక్కడ కుక్క మొరగడం వినబడకపోతే గేటు దాకా పరిగెత్తేదాన్ని.

వారానికోసారి మా వీధిలో ఎండుచేపలు అమ్మే ఆవిడ మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డు నుంచి వస్తుంది. గంప దించుతూ ఆ వేళ కాకుల్ని తిట్టుకుంటోంది. "ఇసకలో చేపలు ఆరబెట్టి ఇటు తిరిగితే చాలు, ఎత్తుకుపోతన్నాయండీ. రోజంతా కర్ర పట్టుకుని ఎవరు పరిగెడతారు?"

నా నోరు ఆగలేదు. కుక్క సంగతి చెప్పాను. ఈసారి మొత్తం చెప్పాను. తాడు జారడం, నేను అరవడం, భీమవరం వాళ్లు వెనక్కి పోవడం, ఇంజెక్షన్లు.

"ఇంతకీ గీరిందాండీ, కరిచిందా?"

"నాకు తెలీదమ్మా. భయంతో ఏదీ చూడలేదు."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "మీరు దాచకుండా చెప్పారు కదా. ఎల్లి చూత్తాను పదండి."

మిల్లులో ఆవిడ నేల మీద చతికిలబడి కూర్చుంది. అది మీదకు దూకింది. ఆవిడ మోచేత్తో ఒక్క తోపు తోసి "ఏయ్, కూకో" అంది. కూర్చోలేదు గానీ చేతుల నిండా చేపల వాసనేమో, నాకుతూ అక్కడే తిరిగింది. "దీనికి పని కావాలండి" అంది ఆవిడ.

ఆ శనివారం ఆటోలో దాన్ని తీసుకెళ్లాం. నర్సుగారికి మిగతా కుక్కలను వదిలి రావడానికి కుదరలేదు. ఎండుచేపల ఆవిడ ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో అది. దారి పొడుగునా అది బయటి గాలికి మూతి చాపుతూ నా ఒళ్లోంచి అటూ ఇటూ తొక్కింది. నేను రెండు చేతులూ చంకల్లో దాచుకుని, మనసులో ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను. చెమటతో జాకెట్టు తడిసిపోయింది.

ఒడ్డుకు చేరి తాడు విప్పగానే అది అలల వైపు దూసుకుపోయింది. చూస్తుండగానే చిన్న చుక్కైపోయింది. పోయింది, నేనే పోగొట్టాననుకున్నాను. ఎండుచేపల ఆవిడ మాత్రం కంగారు పడకుండా వలల మీద ఆరబెట్టిన చేపల పక్కన నిలబడి ఈల వేసింది. కాకుల గుంపు దిగింది. ఆ చుక్క మళ్లీ కుక్కై వెనక్కి వచ్చింది. కాకులన్నీ ఒక్కసారి లేచాయి.

మిగిలిన ఇంజెక్షన్లూ పూర్తి చేశాను. ఇరవయ్యెనిమిదో రోజుది వేస్తూ ఆస్పత్రిలో నర్సు అమ్మాయి "ఇంకేం భయం లేదండి" అంది.

మొన్న వేసవి సెలవుల్లో మా ఆయనతో కలిసి అక్కడికి వెళ్లాను. అది బాగా ఎదిగింది, ఛాతీ వెడల్పయింది. దూరం నుంచి మమ్మల్ని చూసి పరుగు తీసింది. నా మీదకే వస్తోంది. మా ఆయన చొక్కా పట్టుకున్నాను, పారిపోదామంటే ఇసుకలో కాళ్లు కదల్లేదు. అది నా ముందుకొచ్చి ఆగి, నా పాదాల చుట్టూ వాసన చూసింది. తడి ముక్కు ఒకసారి చీలమండకు తగిలింది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఇంతలో వెనక కాకి అరిచింది. అది నన్ను వదిలేసి దాని పని మీద వెళ్లిపోయింది.