రెండే సీట్ల కూపే

దమ్మాం స్టేషన్‌లో చలికాలపు ఉదయం ఆరింటి రైలు ఎక్కాం, నేనూ రాజన్నా. కుటుంబాల మీద సౌదీ వేసిన లెవీ పుణ్యమా అని మా ఆవిడా పిల్లలూ ముందే ఇండియా చేరారు కాబట్టి సెలవు రోజు నన్ను ఆపేవాళ్ళు లేరు. రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె. దమ్మాం పక్కనే మా ఖోబర్‌లో కార్ల డెంటర్. సౌదీ వాళ్ళకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో అతను పనిచేసే గ్యారేజీ ఎరుపులో పడి, పనివాళ్ళ ఇఖామాలు, అంటే నివాస కార్డులు, రెన్యూ కాలేదు. ఇక దేశం వదిలి పొమ్మని ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశారు. వచ్చే వారమే విమానం.

పోయేలోగా అతనికి ఒకటే కోరిక. 1930ల నాటి అమెరికన్ కూపే కారు ఒకటి తుక్కుగా వస్తే టాప్ కోసి నాలుగు వేళ్ళు కిందికి దించి, బానెట్ తీసేసి, పెద్ద ఇంజన్ బయటికి కనబడేలా హాట్ రాడ్‌గా మార్చింది అతనే.

“రెండేండ్లు కొట్టిన సార్ దాన్ని. ట్రైలర్ మీద వచ్చింది, ట్రైలర్ మీదనే పోయింది. ఉరుకంగ ఒక్కసారన్న సూడకుంట ఇంటికి పోవుడా?”

ఆ కారు రియాద్‌లో పాత కార్ల ప్రదర్శనకు వచ్చిందని తెలిసి బయల్దేరాం. టికెట్లు ముందే తీసుకోవాలి, ఇఖామా జేబులో ఉండాలి. డబ్బాలో ఇద్దరికీ సరిపడా పులిహోర పెట్టుకున్నాను. దారిలో హఫూఫ్ ఊరు దాటాక అంతా ఇసకే.

పదిన్నరకు రియాద్, అక్కణ్ణుంచి టాక్సీ. తాడు వెనకాల ఎర్రగా నిగనిగలాడుతోంది కూపే. జనం ఫోటోల మీద ఫోటోలు. ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయరట. మధ్యాహ్నం దాకా అక్కడక్కడే తిరిగాం. రెండింటికి కారును తిరిగి దమ్మాం తీసుకుపోయే ట్రైలర్ రానే వచ్చింది. రాజన్న ముఖం చూడలేక, కారు యజమాని అబూ ఫహద్ దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పేశాను.

“రాజా! తుమ్ బోలా క్యోఁ నహీఁ?” అని, ముందే చెప్పనందుకు కసురుతూ ఆయన ట్రైలర్‌ను ఖాళీగానే పంపేసి కారు తలుపు తెరిచాడు. “యల్లా, బైఠో. దమ్మాం!”

కూపేలో ఉన్నవి రెండే సీట్లు.

“మరి మీరెట్ల సార్?”

“రైలుంది కదయ్యా, ఎక్కు!”

రాజన్న ఆజానుబాహువు. తాను కోసిన టాపే ఠంగుమని నెత్తికి తగిలింది. నా మఫ్లర్ ఇస్తే మడిచి తల మీద పెట్టుకున్నాడు. ఇంజన్ గర్జనకు నా గుండె అదిరింది. కారు సర్రున వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే కుళ్ళుకున్నాను. మూడున్నర రైల్లో కూర్చుని రెండు వాటాల పులిహోరా నేనే తిన్నాను. ఓ పాకిస్తానీ డ్రైవర్ నా పక్క ఖాళీ సీటు చూపించి, ఎవరైనా వస్తున్నారా అని, “కోయీ ఆ రహా హై?” అన్నాడు.

“వో మోటార్ మే గయా,” కార్లో పోయాడులే అన్నాను కచ్చగా.

దారిలో ఏదో పెట్రోల్ బంకు నుంచి రాజన్న ఫోన్ చేశాడు.

“అద్దాలు లెవ్వు సార్, సలికి పండ్లు కొట్టుకుంటున్నయ్. గుంత వస్తె టాప్ నెత్తికి తగుల్తుంది!”

“అంత కిందికి ఎవడు కొయ్యమన్నాడు?”

“నేనే గద కోసింది!” ఒకటే నవ్వు.

దమ్మాం స్టేషన్ బయట నా కోసం ఆగి ఉంది కూపే, ఎరుపంతా ఇసకలో మునిగి. ఈ దారిన వచ్చేవాళ్ళకు నా సలహా ఒకటే: హాట్ రాడ్‌లో సీటు దొరికితే మెడ సంగతి ఆలోచించకండి. రాజన్న మెడ ఒక పక్కకు బిగుసుకుపోయింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“ఇగ ఇంటికి పోత సార్,” అన్నాడు. ఎగ్జిట్ పడ్డాక ఆ మాట అతను నవ్వుతూ అనడం అదే మొదటిసారి.