ఊటమ్మతో తగాదాకి వెళ్లిన మావయ్య

ఎదురుమాట మావయ్య జీవితంలో గెలిచిన మొట్టమొదటి తగాదా పెరటి బావితో. పదకొండు రోజులు పట్టింది. నీళ్లు బావివా, తోడుకునేవాడివా అన్నది వివాదం. "నా కడుపులో ఉన్నవి నావి కాక నీవా?" అంటుంది బావి. "చేద నాది, తాడు నాది, రెక్కలు నావి. అవి లేకపోతే నీ దగ్గరున్నది నీళ్లు కాదు, చీకటి" అంటాడు ఈయన. పదకొండో రోజు పొద్దున బావికి విసుగు పుట్టి, నీళ్లను గట్టు దాకా పైకి తెచ్చి, "నోరు మూసుకుని ముంచుకో" అంది. ఆ రోజు వీధి వీధంతా తాడు అవసరం లేకుండా బిందెలు నింపుకుంది. అప్పటికి ఆయన వయసు పంతొమ్మిది. అంత లేత వయసులో ఒక బావి చేత చీవాట్లు పెట్టించుకున్న ఘనత చుట్టుపక్కల ఏడూళ్లలో ఇంకెవరికీ లేదు.

ఆ ప్రాంతంలో బావికీ, గాలికీ, బండకీ, చెట్టుకీ లోపల ఒకరు కాపురం ఉంటారు. కనపడరు, వినపడతారు. గోడకి గోడ ఆనుకుని బతుకుతున్నట్టే కాబట్టి జనం వాళ్లను 'పక్కవాళ్లు' అన్నారు. పక్కవాళ్లతో ఊరంతా చేతులు కట్టుకుని, చల్లని తల్లీ, బంగారు తండ్రీ అంటూ మాట్లాడుతుంది. ఎదురుమాట మావయ్య ఒక్కడే నడుం మీద చేతులు పెట్టుకుని, "అదేం కాదు" అంటూ మొదలుపెడతాడు.

వృత్తికి ఆయన కాలువ మీద తూము కాపరి. తూము పలక ఎత్తడానికి పట్టేది చిటికెడు సేపు. కాలువతో మాటామాటా అనుకుని ఇంటికొచ్చేసరికి అన్నం వేళ దాటిపోయేది. నలభై ఆరేళ్ల ఉద్యోగంలో ఆయన పెట్టుకున్న తగాదాలకి లెక్క లేదు. గెలిచినవి మాత్రం మూడు. బావి సంగతి చెప్పుకున్నాం. రెండోది దారికి అడ్డంగా ఉన్న బండతో, నాలుగేళ్లు. ఆ బండ ఒక్క మాట కూడబలుక్కోవడానికే నెలలు తీసుకునేది. నాలుగేళ్లలో మొత్తం ఐదు మాటలు ఆడింది, అందులో నాలుగు 'ఊఁ'లు. ఐదోది 'సరే'. మరుసటి వానలకి బండ మూరెడు పక్కకి జరిగింది, బళ్లు సాఫీగా వెళ్లాయి. మూడోది వంటింటి పొగను తిరిగి ఇంట్లోకి తోయనని గాలి చేత అనిపించడం.

కోడలు కాపురానికొచ్చిన మర్నాడు పెరట్లో అరుపులు విని, దొంగ పడ్డాడనుకుని చీపురు పట్టుకుని పరుగెత్తింది. చూస్తే మావయ్య బావిలోకి వంగి అరుస్తున్నాడు.

"నీ గొంతు మీ నాన్నకే లేదు," అంటోంది బావి.

"మా నాన్న గొంతు నువ్వెప్పుడు విన్నావు? ఆయన నీతో మాట్లాడితేగా."

"నీకంటే తెలివైనవాడు కాబట్టి మాట్లాడలేదు."

ఈ మాటకి తిరుగు జవాబు కోడలికే తట్టింది. మావయ్య మాత్రం కడుపు మీద చెయ్యి వేసుకుని, "ఆకలేస్తోంది, మిగతాది రేపు" అని లోపలికి వచ్చేశాడు. ఆయన వరస ఎప్పుడూ అంతే. సరిగ్గా గెలిచే సమయానికి ఆకలేస్తుంది, లేదా తుమ్మొస్తుంది, లేదా చెప్పు తెగుతుంది.

"పోనీ ఆ ఒక్క మాటా అనేసి రావచ్చు కదా మావయ్యా," అంది కోడలు.

"ఏ మాట?"

"మీ నాన్నగారు తెలివైనవారు, అందుకే నీళ్లు ఏటి నుంచి తెచ్చుకున్నారని."

మావయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "బాగుంది. దాచుకో. పాడవదు."

కోడలికి తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు తీగ మీద ఆరేసిన దుప్పటిని గాలి ఎత్తుకుపోతే, ఈయన వీధి మధ్యలో నిలబడి నిలదీశాడు. "నేను తీసుకెళ్లలేదు, అదే నా వెంట వచ్చింది," అంది గాలి. "కట్టుకున్న దుప్పటా, వెంట రావడానికి?" అని ఈయన. ఎదురింటివాళ్లు గుమ్మాల్లో నిలబడి నవ్వుతుంటే, కోడలు తలుపు వేసుకుని లోపల కూర్చుంది.

ఆ ఎండాకాలంలో కొండ మీది ఊట సన్నబడింది. ఊరి కాలువ, తూము, పొలాలు అన్నీ దాని మీదే బతకాలి. మణికట్టంత ధార వేలంత అయింది, ఆ తర్వాత సూదంత అయింది. ఊట లోపలుండే ఊటమ్మ పలకడం మానేసింది. ఊరివాళ్లు వారం వారం కొండెక్కి, బిందెలు పక్కన పెట్టుకుని, గంటల తరబడి పొగిడి వచ్చారు. పొగిడిన కొద్దీ ధార చిక్కిపోయింది.

ఊరి పెద్ద తూము దగ్గరికొచ్చాడు. "చూడు బావా, ఇదంతా నీ నోటి చలవ. ముప్ఫై ఏళ్లు ఆవిణ్ణి నానా మాటలూ అన్నావు. ఆవిడ మనసు విరిగింది."

"నేను కొండెక్కి రెండేళ్లయిందయ్యా. మోకాలు ఒప్పుకోవడం లేదు."

"అన్న మాటలు ఎక్కడికి పోతాయి? వచ్చి క్షమించమని అడుగు. ఆపైన ఎవరితోనూ పెదవి విప్పకు. లేదంటే తూము తాళం ఇంకొకరికి ఇచ్చేస్తాం."

తూము లేని మావయ్యను కోడలు ఊహించుకోలేకపోయింది. ఆ పూట ఆయన అన్నం కెలికి వదిలేశాడు. బావి రెండుసార్లు పిలిచినా పలకలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఇన్నాళ్లూ తను కోరుకున్నది ఇదేనా అని కోడలికే అనుమానం వచ్చింది.

మర్నాడు ఆయన్ని గాడిద మీద కూర్చోబెట్టి కొండ ఎక్కించారు. కోడలు పక్కనే నడిచింది, ఊరి పెద్ద ముందు నడిచాడు. మావయ్య ఊట ముందు నిలబడి, నడుం మీదికి పోబోతున్న చేతుల్ని బలవంతాన జోడించాడు.

"చల్లని తల్లీ," అన్నాడు. "తెలియక అన్నాను. క్షమించు."

రాళ్ల లోపలి నుంచి, ఎక్కడో దూరాన ఉన్నట్టు, సన్నటి గొంతు వినిపించింది.

"నువ్వు కూడానా?"

అంతే, ఉన్న ఆ సూదంత ధారా ఆగిపోయింది. ఊరి పెద్ద నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు.

కోడలికి అప్పుడు తోచింది. ఆయన మోకాలు నొప్పి మొదలైందీ రెండేళ్ల కిందటే, ధార తగ్గడం మొదలైందీ అప్పుడే. ఆమె మావయ్య చేతుల్ని పట్టుకుని విడదీసింది. "మావయ్యా, తాళం పోతే పోయింది. మీ పద్ధతిలోనే మాట్లాడండి."

ఆయన ఒక్క క్షణం కోడలి ముఖం చూశాడు. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"నువ్వు కూడానా ఏంటి? రెండేళ్ల నుంచి మోకాలు పట్టుకుని మూలుగుతుంటే ఒక్కసారైనా ఎలా ఉన్నావని కబురు పెట్టావా? కాలువ నిండా నీ నీళ్లే కదా, అడగడానికి దారి లేదా?"

రాళ్ల కింద గుడగుడమంది. "నేనెందుకు అడగాలి? రానివాడివి నువ్వు. ఆ రోజు మాట మధ్యలో పోయిందెవరు?"

"తుమ్మొచ్చింది."

"రెండేళ్ల తుమ్మా?" అంటూ ఊటమ్మ అరిచిన అరుపుకి వేలంత ధార ఎగిరి, ఊరి పెద్ద తలపాగా తడిసిపోయింది.

కోడలు ఆయన చెవి దగ్గరికి వంగింది. "మావయ్యా, ఇన్నేళ్లూ మీరు కావాలనే ఓడిపోయారా?"

"ఓడిపోయానని ఎవరన్నారు? వాయిదా వేశాను." ఆయన గొంతు తగ్గించాడు. "పొగడ్డానికొచ్చే ప్రతివాడి చంకలోనూ ఒక బిందె ఉంటుందమ్మా. ఈ పక్కవాళ్లకి అది తెలియదనుకున్నావా? తగాదాకొచ్చేవాడు వట్టి చేతులతో వస్తాడు. వీళ్ల కోసమే వస్తాడు. పైగా నోట్లో జవాబు పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఎక్కడికీ పోరు. రేపు వీడొస్తే ఇది అనాలి, అనుకుంటూ ఉంటారు. వాళ్లని అలా ఉంచడం తప్ప నాకు చేతనైంది ఏముంది?"

"ఏంటక్కడ గుసగుసలు?" అంది ఊటమ్మ.

"నీ గురించే. విని ఓర్చుకోలేవు."

ధార ఇంకాస్త లావైంది. ఊరి పెద్ద తలపాగా పిండుకుంటూ లేచి, "బావా, ఇక్కడే కొన్నాళ్లుంటావా?" అని అడిగాడు. అంత మర్యాదగా ఆయన అడగడం అదే మొదలు.

మావయ్య కొండ మీది గొర్రెల కాపరుల గుడిసెలో దిగాడు. తూము తాళం కోడలి చేతికొచ్చింది. వారం తిరిగేసరికి కాలువ చివరి పొలం దాకా పారింది. ఊరి పెద్ద తనూ ఒక చెయ్యి వేద్దామని వంతెన దగ్గరికి వెళ్లి, "అయ్యా, తమరితో నేను ఏకీభవించలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి" అన్నాడట. వంతెన నవ్వాపుకోలేక ఊగిపోతే, మధ్యాహ్నం దాకా బళ్లు ఆపేయాల్సి వచ్చింది.

నిన్న మేకలు తోలుకొచ్చే అవ్వ కొండ మీది కబుర్లు మోసుకొచ్చింది. మావయ్య బాగానే ఉన్నాడు. ఆయన మోకాలికి ఊటమ్మ పొద్దునా సాయంత్రం వేడినీళ్లు పంపుతోంది, పంపనని రోజూ తగాదా పెట్టుకుని మరీ. ఇప్పుడు జరుగుతున్నది కొండ దిగే తగాదా. పదిహేనో తేదీన దిగుతానని ఆయన, పద్దెనిమిది దాకా కదలడానికి వీల్లేదని ఆవిడ, నాలుగు రోజులు హోరాహోరీగా వాదించుకున్నారు.

"చివరికి ఏమైంది అవ్వా?" అని ఆత్రంగా అడిగింది కోడలు.

"మీ మావయ్య నీకు చెప్పమన్న మాట చెబుతాను, నువ్వే చూసుకో," అంది అవ్వ. "ఈసారి నేనే గెలిచాను, పద్దెనిమిదో తేదీ శుక్రవారం వస్తున్నాను."