సమ్మమ్మ రంగంలోకి దించిన రెండో దొర

"నీకు ఇంగిలీషు ఒక్క ముక్కన్న వస్తదానే?" అని కిషన్ రావు అడిగాడు.

"మీ డేరాకొచ్చేటోళ్లకు వస్తదా అయ్యా?" అన్నది సమ్మమ్మ. కొలువు దొరికింది.

అది 1943. హనుమకొండలో కిషన్ రావుకు డేరా సినిమా ఉండేది. ఇంగ్లీషు బొమ్మ పడ్డప్పుడు తెర పక్కన నిలబడి జనానికి తెలుగులో కథ చెప్పే మనిషి కావలసి వచ్చాడు. సమ్మమ్మ అప్పటిదాకా వీధివీధీ తిరిగి కూరగాయలు అమ్మేది. గొంతు గట్టిది, మెడే పట్టేసింది. గంప మోసీ మోసీ తల పక్కకు తిప్పలేకపోయేది. ఆమె కళాసేవ చేసిందనీ, సంస్కృతుల మధ్య వంతెన కట్టిందనీ సభల్లో చెప్పుకోవచ్చు. ఆమెకు కావలసింది గంప దించుకోవడం.

మూడో వారం వచ్చిన బొమ్మలో సన్నమీసాల దొర ఒకడు గుర్రమెక్కి బందిపోట్లను తరుముతాడు. ఇంటర్వెల్ దాకా సాఫీగా నడిచింది. తర్వాత అదే కోట, అవే మెట్లు, అదే గుర్రం. ఎక్కినవాడు మాత్రం బానపొట్టతో మరొకడు!

జరిగింది ఇదీ. టాకీలు కొత్తగా వచ్చిన రోజుల్లో కొన్ని హాలీవుడ్ కంపెనీలు పగలు ఇంగ్లీషు నటులతో తీసిన సినిమానే, రాత్రి అదే సెట్టులో స్పానిష్ నటులతో మళ్లీ తీసేవి. ఊరూరికీ రీళ్లు పంపే డిపోలో ఎవరో ఆ రెండింటి డబ్బాలూ కలిపేశారు. భాష మారిన సంగతి డేరాలో ఒక్కరికీ తట్టలేదు, రెండూ రానివే కదా. మొహం మారడం మాత్రం అందరికీ కనపడింది.

బండి తోలే యాకయ్య బెంచీ ఎక్కాడు. "గీ బొర్రోడెవడే? మా దొరేడి? పైసలు వాపసియ్యిన్రి!"

డేరా అంతా లేచింది. కిషన్ రావు తెర దగ్గరికి ఉరికొచ్చాడు. "పైసలు వాపసిచ్చుడైతే రేపట్నుంచి మళ్ల గంపెత్తుకో" అని సమ్మమ్మ చెవిలో అన్నాడు.

సమ్మమ్మ గొంతు లేపింది. "యాకన్నా, జర కూసో! మొన్న నాటకం చూసినవా లేదా?"

"చూసిన. అయితేంది?"

"కిష్ణుని ఏషం ఎంతమంది కట్టిన్రు?"

"ముగ్గురు."

"మూడో కిష్ణుడు రాంగనే పైసలడిగినవా?"

"అడుగుడేంది? వాడే మస్తు పాడిండు!"

"గీయన గూడ గంతే. రెండో దొర! మొదటాయనకు మీసాలే ఉండె, గీయనకు గొంతున్నది. ఇనున్రి!"

పాడతాడని ఆమెకు తెలియదు. తెగించి అన్నది. అంతలో బానపొట్ట దొర మేడ కింద నిలబడి నిజంగానే పాట ఎత్తుకున్నాడు. పద్యనాటకాల్లో ఒక్క రాత్రికి ముగ్గురు కృష్ణులను చూసిన జనం ఇద్దరు దొరలకు బెదురుతారా? పాట అయ్యీ కాకముందే యాకయ్యే మొదట అరిచాడు: "వన్స్‌మోర్!" డేరా ఊగిపోయింది. ఆపరేటర్ మిషను ఆపి, రీలు వెనక్కి చుట్టి, పాట మళ్లీ వేశాడు.

మర్నాడు డప్పు కొట్టించారు: ఒక్క టికెట్టు, ఇద్దరు దొరలు! హసన్‌పర్తి నుంచి బండ్లు కట్టుకొని వచ్చారు. డిపోవాళ్లు తప్పు తెలుసుకొని సరైన డబ్బాలు పంపితే, కిషన్ రావు వాటిని విప్పకుండానే తిప్పి పంపాడు. సమ్మమ్మ ఆ పైన ఏ బొమ్మకైనా రెండో దొర ఎప్పుడొస్తాడో జనానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. కూరగాయలు మాత్రం కొనుక్కునేదే తప్ప అమ్మలేదు.

వన్స్‌మోర్ కొట్టిన రోజున కిషన్ రావు కుర్చీ ఎక్కి, సమ్మమ్మకు నిజాం సర్కారు హాలీ సిక్కా రూపాయలు పది ఇనామని నిండు డేరాలో ప్రకటించాడు. ఆ పది రూపాయలు ఇప్పటికీ బాకీయే.