డిస్క్ బ్రేకుకు దసరా బొట్లు

దసరా రోజు, సాయంత్రం. పేట్ బషీరాబాద్‌లో మా ఇంటి వాకిలి. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు. కొడుకు, కోడలు జమ్మిచెట్టు దగ్గరికి పోయారు.

నా చిన్నప్పుడు మేడ్చల్‌లో మా బాపు సైకిల్ మీద బొల్లారానికి పాలు మోసేవాడు. దసరా వస్తే ఆ సైకిల్ బాపు తల్లి, మా అవ్వ, చేతిలో పడేది. కడిగి, తుడిచి, పసుపు రాసి బొట్లు పెట్టేది. ఒక ఏడు చక్రాలు మెరవాలని రిమ్ములకు కూడా మంచినూనె రాసింది. బాపు ఎక్కి నాలుగు గజాలు పోయి బ్రేకు పట్టాడు. సైకిల్ ఆగలేదు. పోయి గడ్డివాములో దూరింది.

అవ్వకు చూపు ఆనేది కాదు. "మస్తు మెరుస్తాంది గదరా" అంది.

"అద్దం లెక్కున్నదే అవ్వా" అన్నాడు బాపు, మీసాలకు అంటిన గడ్డి దులుపుకుంటూ.

తర్వాత నన్ను పెరట్లోకి పిలిచి రిమ్ములను బూడిదతో తోమించాడు. తను బ్రేకు రబ్బర్లను ఇటుకకేసి రాస్తూ, "అవ్వకు జెప్పకు. జెప్తే రేపటి సంది దేన్నీ ముట్టది. పని లేకుంటే ముసలామె కుంగిపోతది" అన్నాడు. మరుసటి దసరాకు అవ్వ కుంకుమ గిన్నెతో రాగానే హ్యాండిల్ ఆమె ముందుకు తిప్పి, "ఈడ పెట్టే, పోంగ రాంగ కనవడ్తది" అన్నాడు. ఎదుటివాళ్లకు తెలియకుండా తప్పు దిద్దడం నేను అలా నేర్చుకున్నాను. ఉద్యోగంలోనూ, ఇంట్లోనూ అదే పద్ధతి.

మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక నా భార్య వంటిల్లు కోడలికి అప్పగించింది. పండుగ రోజు బండ్లకు పూజ చేయడం ఒక్కటే తన చేతిలో మిగిలింది. బొట్టు రాలకుండా కుంకుమను నూనెలో కలపడం తన అలవాటు. మనవరాలి కొత్త సైకిల్‌కు డిస్క్ బ్రేకులు. చక్రం నడుమ ఉక్కు పళ్లెం, దాన్ని రెండు వైపుల నుంచి పట్టి ఆపే చిన్న బిళ్లలు. సైకిల్ మొత్తంలో ఎక్కువ మెరిసేది ఆ పళ్లెమే. నా భార్య దాని చుట్టూ వరసగా బొట్లు పెట్టి లోపలికి పోయింది.

మనవరాలు గేటు దాకా తొక్కి కాళ్లతో ఆపుకుంది. "తాతా, బ్రేక్ పడ్తలేదు. రేపు దోస్తులతోని షామీర్‌పేట చెరువుకు పోవాలె. నానమ్మనే ఖరాబు జేసింది. అడుగుతా నేను" అంది.

చెయ్యి పట్టి ఆపాను. కింద కూర్చుంటే లేవనివ్వని నడుముతోనే కూర్చుని, మోకాలి కట్ల కోసం తెచ్చిన స్పిరిట్‌తో పళ్లెం తుడిచాను. వేలు తగిలినా జిడ్డే కనుక అంచులు పట్టుకుని బిళ్లలు తీసి, గరుకు కాగితం మీద రుద్దాను. రుద్దుతూ మా బాపు సంగతి చెప్పాను. నానమ్మకు తెలియకూడదన్నాను.

"బూడిద తెద్దునా తాతా?"

"గ్యాస్ పొయ్యికి బూడిద ఏడిదే?"

నవ్వింది. నానమ్మకు చెప్పనంది.

మరునాడు పొద్దున బ్రేకు సగమే పట్టింది, అదీ కీచుమంటూ. హైవే మీదికి పంపడానికి నాకు మనసొప్పలేదు. టైర్లలో గాలి లేదని ఇంట్లో చెప్పి సైకిల్‌ను షాపుకు తీసుకుపోదామని అనుకుంటుండగానే నా భార్య బయటికి వచ్చింది. చేతిలో నేను నిన్న పళ్లెం తుడిచిన, కుంకుమ అంటిన గుడ్డ. ఉతకడానికి తీసినట్టుంది.

"నూనె ఆ బిళ్లలల్లకు దిగినంక తుడిస్తే పోతదా? కొత్తయి ఏయించు" అంది. గుడ్డను నా చేతిలో పెట్టి, "ఏడ పెట్టద్దో ఒక్క మాట జెప్తే నేనేమన్న కరుస్తనా? పెండ్లయినప్పటి సంది గిట్లనే దాస్తున్నవు" అంది.

మనవరాలు నవ్వు ఆపుకోలేక ఇంట్లోకి పరుగెత్తింది. పెళ్లయినప్పటి నుంచి ఇంకా ఏమేం తెలుసో అడిగే ఓపిక నాకు లేకపోయింది. సైకిల్ నడిపించుకుంటూ షాపుకు బయలుదేరాను. తనూ చెప్పులు వేసుకుని, కుంటుతూ వెంట వచ్చింది.

బాపు పెరట్లో చెప్పిన మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఆ పొద్దుటి నుంచి మాత్రం ఇంకొకటి కూడా మోస్తున్నాను. చూపు ఆనకపోతేనేం, సైకిల్ గడ్డివాములో పడిన చప్పుడు మా అవ్వకు వినబడే ఉంటుంది.