వీపు తిప్పి నిలబడ్డవాడు

నది మీది ఆ వంతెనకి రంగు వేయడం ఒక పట్టాన తెమిలే పని కాదు. పైన బస్సులు, కింద రైళ్ళు, మధ్యలో అడ్డదిడ్డంగా అల్లుకున్న ఇనుప దూలాలు. ఈ గట్టున మొదలుపెట్టి ఆ గట్టు చేరేసరికి ఇక్కడ మళ్ళీ తుప్పు పళ్ళికిలిస్తుంది. పెద్దబ్రష్ పెళ్ళికి ముందు నుంచీ ఆ పనిలోనే ఉన్నాడు. చిన్న బ్రష్ ముట్టుకోడు కనక ఆ పేరు. పనిమంతుడే, కాదనం. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

అతని జోడీ సొంత బావమరిది, వాగుడుకాయ. ఇద్దరికీ పని నేర్పింది వాగుడుకాయ తండ్రే. ఆ రంగు పనివాళ్ళకో కట్టుబాటు ఉంది. నడుముకి వెనకవైపు పడే తాడు ముడి ఎవరిది వాళ్ళు వేసుకోకూడదు, జోడీయే వేయాలి. పైకెక్కే ముందు ఒకడు వీపు తిప్పి నిలబడతాడు. నా ప్రాణం నీ చేతిలో పెడుతున్నా, కట్టు అని దానర్థం. రెండోవాడు కట్టి భుజం తడతాడు.

ఒక రోజు వాగుడుకాయ మేస్త్రీ చెవిన ఓ మాట వేశాడు.

"మా బావకి పైన కళ్ళు తిరుగుతున్నాయండీ. కింద తుప్పు గీకే పనివ్వండి. నేను చెప్పానని మాత్రం అనకండి."

మేస్త్రీ నోట్లో నువ్వుగింజ నానితేగా! సాయంత్రం అందరి ముందూ, చెప్పిందెవరో కూడా అనేసి, వచ్చే వారం నుంచి కింద గీకమన్నాడు. గీకుడంటే కొత్తగా చేరినవాళ్ళ పని. పెద్దబ్రష్‌కి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే భార్య అంది. "మీరంటే ప్రాణం కాబట్టే చెప్పాడండీ మా తమ్ముడు. రాత్రి భోజనానికి వాణ్ణి వెంటబెట్టుకు రండి. లేకపోతే మీరూ రావద్దు."

"చూద్దాంలే," అన్నాడతను. మనసు సగం మెత్తబడింది కూడా.

వంతెన దగ్గర వాగుడుకాయ నోరు మెదపలేదు. ఏమనాలో తెలియక నేరుగా వచ్చి బావకి వీపు తిప్పి నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి చూసిన వీపే! కానీ కోపంలో ఉన్నవాడికి అది మొహం తిప్పుకున్నట్టే కనబడింది. 'ఓహో, నాకే వీపు చూపిస్తావా?' అనుకున్నాడు. తన ముడి తనే ముందువైపు బిగించుకుని ఎక్కేశాడు.

వాగుడుకాయ కాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంకొకణ్ణి అడగడానికి మనసొప్పలేదు. చేతులు వెనక్కి పెట్టి తడుముకుంటూ కట్టుకుని ఎక్కాడు.

గూడ్సు బండి వచ్చింది. వంతెనంతా ఊగింది. "బావా!" అన్న కేక వినబడి పెద్దబ్రష్ తల తిప్పేసరికి పక్క దూలం మీద రంగు డబ్బా ఒక్కటే ఉంది. మధ్యాహ్నానికి పడవలవాళ్ళు శవాన్ని ఒడ్డుకి తెచ్చారు.

అతను ఇంటికొచ్చేసరికి భార్యకి కబురు అందింది. పొయ్యి పక్కన బావకీ, బావమరిదికీ కడిగిపెట్టిన కంచాలు రెండున్నాయి. ఆవిడ ఏడవడం లేదు.

"వాడి ముడి ఎవరు కట్టారు?"

"వాడే కట్టుకున్నాడు."

"వాడు మీకు వీపు తిప్పి నిలబడలేదా?"

"నిలబడ్డాడే. నేనే... మొహం తిప్పుకున్నాడనుకున్నా."

"మా నాన్న మీ ఇద్దరికీ మొదట నేర్పింది అదే కదండీ," అందావిడ.

తరవాత లేచి ఒక కంచం బోర్లించింది. కాసేపాగి రెండోదీ బోర్లించింది.