అమెరికా బావ, మొదటి గ్లాసు

బావ పోయాడని శుక్రవారం పొద్దున తెలిసింది. సెలవు మీద ఊరికి వెళ్లినవాడు, అన్నం తిని కుర్చీలో కూర్చుని అలాగే పోయాడట. వాళ్ల తమ్ముడు ఆఫీసుకు ఫోన్ చేస్తే, గల్ఫ్‌లో మెసయీద్‌లోని మా కూలీల క్యాంప్ మొత్తానికీ కబురు పాకింది. నాకు మాత్రం ముందు ఏడుపు రాలేదు. ‘దీంట్లో కూడా నాకంటే ముందే ఉరికిండు’ అనిపించింది.

నిజానికి ఆయన నాకు ఏ చుట్టమూ కాదు. గోదావరి వైపు మనిషి, కంపెనీలో స్టోర్‌కీపర్. నాది జగిత్యాల దగ్గర పల్లె, తాపీ పని. చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగింది. ఊళ్లో మనవడు పుట్టాడని మిఠాయి పంచిన రోజు నుంచి క్యాంప్‌లో అందరికీ తాతనయ్యాను. ఆయన్ని బావా అని పిలవడం నేనే మొదలుపెట్టాను. బావనైతే ఎంత ఎక్కిరించినా తప్పులేదు కదా.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. శుక్రవారం అన్నాలయ్యాక గదుల వెనక నీడలో చేరతాం. ఆ రోజు ఎవరు ముచ్చట చెబితే వాళ్లకు మెస్‌లో వండే మలయాళీ మొదటి గ్లాసు ఇస్తాడు, పాలు లేని సులేమానీ చాయ్. బావ రాకముందు ఆ గ్లాసు నాదే. మా ఫోర్‌మన్ నడక నడిచి చూపిస్తే చాలు, పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు.

తర్వాత ఈయన రేడియోతో దిగాడు. వారమంతా అమెరికా వార్తలు వినడం, శుక్రవారం మాకు తెలుగులో చెప్పడం. రెండు నెలలు తిరగకముందే నా మనుషులే నాతో అన్నారు: “తాతా, జర జరుగు. బావ కూసుంటడు.”

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆయన చాయ్‌లో నాలుగు చెంచాల చక్కెర. అది ఎప్పుడూ పూర్తిగా కరగదు. చెప్పడం అయిపోయాక అడుగున మిగిలింది వేలితో తీసుకుని తినేవాడు. అదే మాకు లేవమని గుర్తు.

కొత్తదంటే ఆయనకు అనుమానం. “ఇల్లు కారుతోందని గోడలు పడగొట్టుకుంటామా? పెంకు మార్చుకుంటాం. ఆ దేశం పెద్దలు రాసిన చట్టం కూడా అంతే” అనేవాడు. ఇంకోసారి, “సర్కారంటే వంటవాడు. వండమని పెట్టుకుంటే, ఎవరెంత తినాలో కూడా వాడే చెబుతున్నాడు” అన్నాడు. మలయాళీకి ఎవరో దాన్ని హిందీలో చెప్పారు. రెండు రోజులు మాకు నీళ్ల పప్పే.

నలభై ఏళ్ల తర్వాత అమెరికాలో చట్టాలు చేసే సభ ఆయనకు నచ్చిన పార్టీకి దక్కిందని క్యాంపంతా ఖర్జూరాలు పంచాడు. “బావా, నీకేమన్న మంత్రి పదవి ఇస్తమన్నరా?” అని అడిగాను. ఖర్జూరం మాత్రం రెండు తీసుకున్నాను.

కెనడాలో ఒక రాష్ట్రం విడిపోవాలా వద్దా అని ఓట్లేస్తే, వెంట్రుకవాసిలో దేశం నిలిచింది. “కలిసుండటం ఒకసారి సంతకం పెడితే అయిపోయేది కాదు బావమరిదీ” అన్నాడు. ఆ మాటంటూ నా వైపే ఎందుకు చూశాడో. “మా రూంల ఎనిమిది మందిమి. ఏసీ ముందు పండేదెవలని మాకు రోజూ ఓట్లే” అన్నాను. అందరూ నవ్వారు. కానీ గ్లాసు ఆయన చేతిలోనే ఉంది.

ఆ గ్లాసు కోసమే ఒక వారమంతా గోడ కడుతూ ప్రశ్న ఒకటి తయారు చేసుకున్నాను. ఆ శుక్రవారం ఆయన తనకు బాగా ఇష్టమైన కథ ఎత్తుకున్నాడు. అప్పట్లో అమెరికాను ఏలే పరదేశి రాజు చాయ్ మీద పన్ను వేస్తే అక్కడి జనం ఓడలెక్కి ఆ చాయ్‌పొడి పెట్టెలన్నీ సముద్రంలో పడేసిన కథ. నేను లేచి నిలబడ్డాను.

“బావా, పన్ను పాడుదంటివి. ఈడ మనకు పన్ను మాఫీ. మరి నీ అమెరికా కంటే మన మెసయీదే మేలు గద?”

క్యాంపంతా ఈలలు. ఒకడు గ్లాసు అందుకుని నాకు ఇవ్వబోయాడు కూడా.

బావ కూడా నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: “వాళ్లు పారేసింది పన్ను ఎక్కువైందని కాదు బావమరిదీ. తమని ఒక మాట అడక్కుండా వేశారని.”

మా డ్యూటీ టైము, మా సెలవు, మా రూం, వీటిలో ఏదీ మమ్మల్ని అడిగి పెట్టింది కాదు. గ్లాసు వెనక్కి వెళ్లిపోయింది. నా ప్రశ్న ఎవరికీ గుర్తులేదు. ఆయన జవాబు మాత్రం సైటులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కబురు వచ్చిన ఆ మధ్యాహ్నం కూడా అలవాటు కొద్దీ నీడకు చేరాం. మలయాళీ ట్రే పట్టుకుని వచ్చాడు, చుట్టూ చూశాడు, మొదటి గ్లాసు నా చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లు కుళ్లుకున్న గ్లాసు.

“తాతా, ఇగ నువ్వే చెప్పాలె” అన్నారు.

“ఏం చెప్పాలెరా? ఫోర్‌మన్ నడకా?”

“కాదే. ఆ చాయ్ పారేసిన కథ. బావ చెప్పినట్టే చెప్పు.”

చచ్చినా నన్ను గెలవనివ్వడు కదా! కోపంగా ఒక గుక్క తాగాను. పానకం. షుగర్ జబ్బున్న నాకు మలయాళీ ఎప్పుడూ అర చెంచా కంటే ఎక్కువ వెయ్యడు.

“మాఫ్ కరో తాతా,” అన్నాడు వాడు తల దించుకుని. “హాత్ కో ఆదత్ హై.”

మొదటి గ్లాసులో నాలుగు చెంచాలు వెయ్యడం చేతికి అలవాటట. నాకు వచ్చినట్టు ఆ కథ చెప్పాను, తీపి చాయ్ తాగుతూ చెప్పాను. అయిపోయింది. గ్లాసు అడుగున చక్కెర మిగిలింది. అందరూ నా వేలి వైపే చూస్తున్నారు.

నేను దాన్ని ముట్టుకోలేదు. ఎవరూ లేవలేదు.